త్రోవలో ఆగిన బండి

మోటారు కారు త్రోవలో హఠాత్తుగా ఆగిపోవుట నేడు క్రొత్తగా పుట్టిన ఇబ్బంది కాదు. కారు పుట్టిన నాటినుండియు అది దానితోపాటే నడచుచు, దానితోపాటే ఆగుచు వచ్చినది. ఇంజను చప్పుడు ఒక్కసారిగా అణగిపోవును. బండి కొంతదూరము తన వేగముతోనే దొరలి రోడ్డు ప్రక్కకు చేరును. తాళపుచెవి త్రిప్పినచో సెల్ఫు తిరుగునే గాని ఇంజను అందుకొనదు. బానెట్టు ఎత్తగానే పదిమంది చేరుదురు. ఒకరు పెట్రోలు లేదందురు. ఒకరు బ్యాటరీ పోయినదందురు. మరియొకరు తమ బావమరిది బండికిని సరిగా ఇట్లే జరిగినదని మొదలు పెట్టుదురు. ఇందరు వైద్యులు చేరినచోట రోగి లేచుట కష్టము.

ఈ చిన్న ఘట్టమునకును ఒక చరిత్ర కలదు. ఆగిన యంత్రము ఎందుకు ఆగినదను ప్రశ్నకు మనుష్యులు నూట ముప్పదియేండ్లకు పైబడి ఎట్లు సమాధానము వెదకిరో తెలిపెడి చరిత్ర అది. అందు నేర్పున్నది, మొండితనమున్నది, ఒకచోట ప్రాణనష్టమును ఉన్నది. దానిని శ్రోతలతో కొంత ముచ్చటించుటకే ఈ ప్రసంగము.

ముందుగా ఒక మూలసూత్రమును చెప్పుకొందము. పెట్రోలు ఇంజను నడచుటకు మూడు కావలెను. గాలితో తగినపాళ్లలో కలిసిన పెట్రోలు ఒకటి. ఆ మిశ్రమమును సిలిండరులో గట్టిగా అదుముట రెండవది. అదిమిన దానిని సరియైన క్షణమున ముట్టించు నిప్పురవ్వ మూడవది. ఈ మూడింటిలో ఏది లోపించినను ఇంజను ఆగును. అదుముటలోని లోపము సాధారణముగ ఏండ్ల తరబడి అరుగుదల వలన నెమ్మదిగా వచ్చునది. కవాటములను నడపు పట్టీ తెగుటవంటి అరుదైన సందర్భములలో తప్ప అది బండిని నట్టనడి త్రోవలో నిలువదు. కావున మిగిలినవి రెండు: ఇంధనము, నిప్పురవ్వ. ఆగిన బండి చరిత్ర యంతయు చాలవరకు ఈ రెండింటి చరిత్రయే.

ఆ చరిత్రలో మొదటి ఘట్టము ఒక స్త్రీది. జర్మనీ దేశమున మాన్‌హైమ్ పట్టణమందు కార్ల్ బెంజ్ అను ఇంజనీరు తన మూడుచక్రముల మోటారు బండికి 1886 జనవరి 29వ తేదీన పేటెంటుకై దరఖాస్తు చేసెను. బండి తయారైనది గాని కొనువారు ముందునకు రాలేదు. గుఱ్ఱము లేని బండి దూరప్రయాణమునకు పనికివచ్చునని జనులకు నమ్మకము కుదురలేదు. అతని భార్య బెర్తా. వివాహమునకు పూర్వమే తన కట్నపు సొమ్మును అతని కర్మాగారమును నిలబెట్టుటకై ఇచ్చిన ధీర ఆమె. 1888 ఆగస్టులో ఒకనాటి తెల్లవారుజామున, భర్తకు తెలియనీయక, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని ఆమె ఆ బండిని బయటికి తీసెను. దాదాపు 100 కిలోమీటర్ల దూరమున ఫోర్‌ట్స్‌హైమ్ అను ఊరిలోనున్న పుట్టినింటికి పోవుట ఆమె సంకల్పము. అంతవరకు ఎవ్వరును మోటారు బండిపై అంతదూరము పోయియుండలేదు.

త్రోవలో పెట్రోలు బంకులు లేవు, మెకానిక్కులు లేరు, అసలు కారు అను వస్తువును చూచినవారే లేరు. నాటి ఇంధనము లిగ్రోయిన్ అను తేలికపాటి పెట్రోలియం ద్రవము. మరకలు పోగొట్టుటకు దానిని మందులషాపులలో అమ్మెడివారు. వీస్లోక్ అను ఊరిలో ఒక మందులషాపునందు ఆమె దానిని కొని బండిలో పోసికొనెను. ప్రపంచములో మొట్టమొదటి పెట్రోలు బంకు అదియే యని ఆ ఊరివారు నేటికిని గర్వముగా చెప్పుకొందురు.

బండి ఒకచోట ఇంధనపు గొట్టము పూడుకొనుటచే ఆగినది. బెర్తా తన టోపీకి గ్రుచ్చుకొను పొడవైన పిన్నును తీసి ఆ గొట్టములోని అడ్డును తొలగించెను. మరియొకచోట నిప్పురవ్వకు సంబంధించిన తీగపై పూత అరిగి, విద్యుత్తు చేరవలసిన చోటికి చేరకపోయెను. మేజోడు జారకుండ కట్టుకొను పట్టీని ఆ తీగకు చుట్టి ఆమె ఆ లోపమును సరిదిద్దెను. ఎత్తైన చోట్ల పిల్లలు బండిని త్రోసిరి. అరిగిన బ్రేకు దిమ్మెలకు ఒక చెప్పులుకుట్టువానిచేత తోలు కొట్టించిరి. చీకటిపడు వేళకు బండి పుట్టినింటికి చేరినది. చేరితిమని భర్తకు తంతి పోయినది.

ఈ కథను సాధారణముగ ఒక స్త్రీ సాహసమునకు ఉదాహరణముగ చెప్పుదురు. అది నిజమే. కాని ఇందు మరియొక విశేషము కలదు. ఒకనాటి ప్రయాణములో బండి రెండుమార్లు మొరాయించినది. ఒకసారి ఇంధనము అందలేదు. మరియొకసారి నిప్పురవ్వ అందలేదు. రెండుమార్లును ఆమె చేసిన పని ఒక్కటియే: అందవలసినది ఎక్కడ ఆగినదో వెదకుట. గొట్టములో ఒకచోట, తీగపై ఒకచోట ఆ స్థానము కనబడెను. చేతికందినదానితో దానిని బాగుచేసెను. త్రోవలో ఆగిన బండికి రోగనిర్ణయము చేసిన మొదటి వ్యక్తి ఆమెయే యనుటలో తప్పులేదు.

నాటి యంత్రకారులకు ఇంధనముకన్న నిప్పురవ్వయే పెద్ద తలనొప్పి. అదే దేశమున డైమ్లర్ ఇంజనులలో ఒక సన్నని గొట్టమును మంటపెట్టి ఎఱ్ఱగా కాల్చి, ఆ వేడిచే మిశ్రమమును ముట్టించెడివారు. గాలికి ఆ మంట ఆరినచో బండి ఆగెడిది. బెంజ్ బ్యాటరీని, కాయిలును వాడెను. నాటి బ్యాటరీలు త్వరగా నీరసించెడివి. రాబర్ట్ బాష్ కర్మాగారమున గాట్‌లోబ్ హోనోల్డ్ అను ఇంజనీరు 1902లో అధికపీడనపు మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధపరచిన తరువాత గాని నమ్మదగిన నిప్పురవ్వ లభింపలేదు. బ్యాటరీతో నిమిత్తములేక ఇంజను తిరుగుడుతోనే విద్యుత్తు పుట్టించు సాధనము మాగ్నెటో.

అమెరికాలో 1908లో వెలువడి 1927 వరకు 1 కోటి 50 లక్షలకు మించి తయారైన ఫోర్డు మోడల్ టి బండి సామాన్యుని మెకానిక్కుగా మార్చినది. అందు నాలుగు సిలిండర్లకు నాలుగు కాయిళ్లు ఒక చెక్కపెట్టెలో ఉండెడివి. ఒక్కొక్క కాయిలు పనిచేయునపుడు తుమ్మెదవలె ఝుమ్మను శబ్దము వచ్చెడిది. బండి మొరాయించినపుడు అనుభవశాలి చెవి యొగ్గి విని, ఏ కాయిలు పలుకుటలేదో చెప్పగలిగెడివాడు.

ఆ బండికే మరియొక విచిత్రమైన జబ్బుండెడిది. దాని పెట్రోలు ట్యాంకు సీటు క్రింద ఉండెడిది. పంపు లేదు, పెట్రోలు పల్లమునకు పారునట్లు తనంత తానే కార్బురేటరునకు దిగవలెను. ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నపుడు నిట్రమైన కొండదారి ఎక్కినచో ఇంజను ట్యాంకుకన్న ఎత్తునకు పోయెడిది; పెట్రోలు అందక బండి ఆగెడిది. బండిని విప్పి చూచిన ఏ భాగమునందును లోపము కనబడదు. లోపము భాగములలో లేదు, దారి వాలులో నున్నది. తెలిసినవారు బండిని వెనుకకు త్రిప్పి, రివర్సు గేరులో కొండ నెక్కెడివారు. ఏ భాగము చెడినదని మాత్రమే ఆలోచించువానికి ఈ బండి ఎన్నటికిని అంతుపట్టెడిది కాదు. ఏ పరిస్థితిలో ఆగినదని ఆలోచించినవాడే గట్టెక్కెను.

ఇక చార్లెస్ కెట్టరింగ్ సంగతి. ఈ అమెరికను ఇంజనీరు ఓహాయో రాష్ట్రపు డేటన్ నగరమున డెల్కో అను సంస్థను స్థాపించినవారిలో ఒకడు. బ్యాటరీ, కాయిలు, పాయింట్లు, కండెన్సరు, డిస్ట్రిబ్యూటరు అను అంగములతో అతడు కూర్చిన జ్వలనపద్ధతి 1910 నాటి కాడిలాక్ కార్లలో ప్రవేశించినది. 1912 నాటి కాడిలాక్‌లో అతని విద్యుత్ స్టార్టరు వచ్చినది. అంతకుముందు ఇంజను ముందు నిలిచి హాండిలు త్రిప్పవలెను. ఇంజను ఎదురు తన్నినచో చేయి విరిగెడిది. కెట్టరింగ్ పూర్వము దుకాణపు నగదు యంత్రములకు విద్యుత్ మోటారు కూర్చినవాడు. చిన్నమోటారు చాలసేపు పెద్దబరువు మోయలేకున్నను కొద్దిక్షణములు మోయగలదని ఆ పనిలో అతనికి తెలిసెను. మన డ్రైవర్లు సెల్ఫు అని పిలుచునది దాని సంతతియే.

కెట్టరింగ్ జ్వలనపద్ధతి దాదాపు అరువదియేండ్లు లోకమునేలినది. దాని పని ఇట్లుండును. పాయింట్లు కలిసినపుడు కాయిలులోని మొదటి చుట్టలో విద్యుత్తు పారి అయస్కాంతక్షేత్రము నిండును. పాయింట్లు విడివడగానే ఆ క్షేత్రము కూలిపోవును. ఆ క్షణమున రెండవచుట్టలో వేలకొలది వోల్టుల పీడనము పుట్టి, డిస్ట్రిబ్యూటరు ద్వారమున వంతు వచ్చిన ప్లగ్గునకు చేరి, అక్కడ రవ్వగా దుముకును. పాయింట్లు కాలినను, కండెన్సరు చెడినను, కాయిలు వేడెక్కి లోపలి పూత తెగినను రవ్వ సన్నగిల్లును. అయినను ఇందొక సదుపాయముండెను. ప్రతి భాగమును కంటితో చూడవచ్చును, వ్రేలితో తాకవచ్చును. ప్లగ్గు తీగను ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుమునకు దగ్గరగా నుంచి, ఒకరు సెల్ఫు కొట్టుచుండగా మరియొకరు చూచినచో రవ్వ ఉన్నదో లేదో అరనిమిషములో తేలెడిది. రవ్వ ఉన్నచో కాయిలు మొదలు డిస్ట్రిబ్యూటరు వరకు నిర్దోషులు. ఇక వెదకవలసినది పెట్రోలు వైపు. ఒక్క పరీక్షతో సగము బండి విచారణనుండి తప్పుకొనును. మంచి మేస్త్రీకిని, మామూలు మేస్త్రీకిని గల భేదము ఇక్కడనే యుండెడిది.

ఆ భేదమును నేను చిన్ననాట కన్నులార చూచితిని. 1990 ప్రాంతమున ఒక మే నెలలో, బంధువుల పెండ్లికై మా కుటుంబమంతయు ఒక అద్దె పెట్రోలు కారులో హైదరాబాదునుండి విజయవాడకు బయలుదేరినది. మిట్టమధ్యాహ్నము సూర్యాపేట దాటినపిదప రోడ్డుప్రక్క టీ కొట్టువద్ద పది నిమిషములు ఆగితిమి. తిరిగి బయలుదేరగా బండి చక్కగానే అందుకొని, ఒక ఫర్లాంగు దూరము పోయి, రెండుమార్లు దగ్గి ఆగిపోయెను. డ్రైవరు ఎంత సెల్ఫు కొట్టినను లేవలేదు. లారీ నెక్కి పోయి అతడు ఒక మెకానిక్కును పిలుచుకొని వచ్చునప్పటికి ముప్పావుగంట పట్టినది. మెకానిక్కు కాయిలును చేతితో తాకి చూచి, "కాయిలు కాలిపోతున్నది, ఇదే పోయింది" అని తీర్పు చెప్పి, తాను తెచ్చిన కాయిలు బిగించెను. సెల్ఫు కొట్టగానే బండి లేచినది. మా నాన్నగారు సంతోషముతో అడిగినంత సొమ్మిచ్చిరి.

పెండ్లి అయినది. మూడవనాడు తిరుగు ప్రయాణములో, మధ్యాహ్నమే, కోదాడ దాటిన తరువాత ఒక రైల్వేగేటువద్ద ఆగి బయలుదేరిన బండి సరిగా ఆ తీరుననే కొంతదూరము పోయి, దగ్గి, ఆగినది. క్రొత్త కాయిలు అట్లే ఉన్నది. ఈసారి డ్రైవరు మెకానిక్కుకై పోలేదు. ప్లగ్గు తీగను తీసి, నన్ను ప్రక్కన నిలబెట్టి, క్లీనరు కుర్రవానిచే సెల్ఫు కొట్టించెను. నీలిరవ్వ చిటచిటలాడుచు దుమికినది. తీగను తిరిగి తగిలించిన తరువాత కార్బురేటరువద్ద పెట్రోలు గొట్టమును విప్పి, పంపు మీట నొక్కెను. పెట్రోలుకు బదులు బుడగలు వచ్చినవి. అతడు నవ్వి మా నాన్నగారితో, "అయ్యా, మొన్న మనం పైసలిచ్చింది కాయిలుకు, రోగం పంపుది. ఎండకు పెట్రోలు మసిలి ఆవిరైతున్నది. తడిబట్ట వేసి పావుగంట ఆగుదాం" అనెను. క్లీనరు తువ్వాలు తడిపి పంపుపై కప్పెను. పావుగంట తరువాత బండి లేచి మమ్ము ఇల్లు చేర్చినది.

దీని లోగుట్టు తరువాతి కాలమున నాకు బోధపడినది. నాటి బండ్లలో పెట్రోలు పంపు ఇంజనునకు అంటిపెట్టుకొని యుండెడిది. బండి నడచుచున్నంతసేపు గాలియు, నీరును ఇంజను వేడిని లాగివేయుచుండును. ఇంజను ఆపగానే ఆ చల్లదనము ఆగిపోయి, ఇనుములో నిలిచిన వేడి బానెట్టు క్రింద పైకెక్కును. పంపులోని పెట్రోలు ఆవిరిగా మారును. పంపు ద్రవమును త్రోయగలదు గాని ఆవిరిని త్రోయలేదు. అయినను బండి మొదట ఏల లేచెను? కార్బురేటరు గిన్నెలో నిలువయున్న పెట్రోలు ఒక ఫర్లాంగునకు చాలినది కావున. ఆ ఫర్లాంగే అసలైన సాక్ష్యము. కాయిలు వేడికి తెగినచో బండి సామాన్యముగ ఠక్కున ఆగును. పెట్రోలు ఎండిపోయినచో దగ్గుచు ఆగును. మొదటినాడు ఆ దగ్గును అందరము వింటిమి. దానిని సాక్ష్యముగ ఎవ్వరును ఎంచలేదు.

ఆ మెకానిక్కు మోసగాడని నేను అనను. వేడికి కాయిలు చెడుట ఉన్నమాటే. ఊహ అసంబద్ధము కాదు. అతనిని మోసగించినది ఆ ముప్పావుగంట. అతడు వచ్చులోపుగనే పంపు చల్లారినది. అప్పుడతడు కాయిలు మార్చినను, టైరు మార్చినను, దేవునికి కొబ్బరికాయ కొట్టినను బండి లేచియుండెడిదే. వేడివలన వచ్చు జబ్బు చల్లారినంతనే తనకు తానే మానును. అది మానినవేళ ఎవరి చేయి బండిపై నుండునో ఆ చేతికి హస్తవాసి దక్కును. రోగమొకటి, మందొకటి, పేరు మాత్రము మందుది. బండి లేచినంతమాత్రమున రోగము తెలిసినట్లు కాదను సత్యమును ఒక కాయిలు ఖరీదుకు మా కుటుంబము కొనుక్కొన్నది.

ఆ పిదప కారు లోపలి స్వరూపమే మారిపోయినది. 1970 తరువాతి దశకమున అమెరికా కార్లలో పాయింట్ల స్థానమును ఎలక్ట్రానిక్ సాధనములు ఆక్రమించినవి. బాష్ సంస్థ 1967లో ఎలక్ట్రానిక్ పద్ధతిన పెట్రోలును ఇంజనులోనికి చిమ్ము ఏర్పాటును వోక్స్‌వాగన్ కార్లలో ప్రవేశపెట్టెను. 1979లో అదే సంస్థ పెట్రోలు, నిప్పురవ్వ రెండింటిని ఒకే కంప్యూటరు చేతిలో పెట్టిన మోట్రోనిక్ పద్ధతిని బి.ఎం.డబ్ల్యు. కారులో వెలువరించినది. పంపు ఇంజను దాపునుండి తొలగి పెట్రోలు ట్యాంకులోనికి పోయినది; అది పెట్రోలును గట్టి పీడనముతో త్రోయును గాన ఎండకు ఆవిరి అడ్డుపడుట చాల అరుదైనది. మన దేశమునను అంబాసిడర్ కారు 1957 ప్రాంతమునుండి సాగించిన సుదీర్ఘయాత్రను 2014లో ముగించునప్పటికి తడిబట్ట విద్య దాదాపు మరుగుపడినది.

జబ్బులు పోలేదు, చోటు మార్చుకొన్నవి. నేటి ఇంజనులో తిరుగు ఇరుసు ఏ క్షణమున ఏ స్థానములో నున్నదో కంప్యూటరునకు తెలుపుటకు ఒక చిన్న సెన్సరు ఉండును. అది ఇంజను వేడిలోనే బ్రదుకును. దానిలోని సన్నని చుట్ట వేడికి తెగి, చల్లారగానే తిరిగి అతుకుకొనుట కలదు. అది మౌనము వహించినచో కంప్యూటరునకు ఇంజను తిరుగుచున్నదను సంగతియే తెలియదు. రవ్వను, పెట్రోలును రెండింటిని ఆపివేయును. బండి ఠక్కున ఆగును. సెల్ఫు చక్కగా తిరుగును, ఇంజను అందుకొనదు. అరగంట గడచిన పిదప ఏమియు జరుగనట్లు లేచును. సూర్యాపేట రోడ్డుమీది జబ్బునకు ఇది క్రొత్త అవతారము. సెల్ఫు కొట్టుచున్నపుడు ఇంజను వేగము చూపు ముల్లు కొంచెమైనను కదలక సున్నవద్దనే నిలిచియున్నచో చాల బండ్లలో అది ఈ సెన్సరుపై అనుమానమునకు తావిచ్చును. అట్లే, తాళపుచెవి మొదటిమెట్టునకు త్రిప్పగానే వెనుక సీటు క్రింద రెండుక్షణములు సన్నని ఝుంకారము వినబడుట పంపు బ్రదికియున్నదనుటకు గుర్తు. మోడల్ టి కాయిళ్ల నాటి చెవి నేటికిని పనికివచ్చుచున్నది. రవ్వ దుమికించి చూచు పాతపరీక్షను మాత్రము నేటి బండ్లపై చేయరాదు. అది మనిషికిని, కంప్యూటరునకును అపాయకరము.

కంటికి కనబడని యీ యంత్రాంగమునకు మాట నేర్పుటకే స్వయంనిర్ణయ పద్ధతి యేర్పడినది. కాలిఫోర్నియా రాష్ట్రము 1988 నాటి బండ్లనుండి అట్టి ఏర్పాటును విధించినది. 1996నుండి అమెరికాలో అమ్ము కార్లన్నిటికి ఒకే తీరు సంకేతములు, ఒకే తీరు 16 సూదుల సాకెట్టు తప్పనిసరియైనవి. మన దేశమున 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరములలో అమలైన భారత్ స్టేజి నాలుగు నియమములతో ఇట్టి ఏర్పాటు కార్లలో ప్రవేశించినది. వాయుకాలుష్యమును అరికట్టుట దీని మొదటి ఉద్దేశము. మెకానిక్కుకు తోడ్పడుట దాని వెంట వచ్చిన లాభము.

ఇక్కడను ఒక హెచ్చరిక అవసరము. యంత్రము చూపు సంకేతము సాక్షి వాంగ్మూలమే గాని న్యాయమూర్తి తీర్పు కాదు. పి 0335 అను సంకేతము వచ్చినదనుకొందము. ఇరుసు సెన్సరు వలయములో తేడా యున్నదని మాత్రమే దాని అర్థము. చెడినది సెన్సరు కావచ్చును. దానికి పోవు తీగ కావచ్చును. తుప్పు పట్టిన కనెక్టరు కావచ్చును. సంకేతము చూడగానే భాగము మార్చుట, కాయిలు వేడిగా నున్నదని కాయిలు మార్చినదానికి భిన్నము కాదు. పరికరము మారినది, తొందరపాటు మారలేదు.

ఈ తొందరపాటు ఖరీదు ఎల్లపుడు ఒక భాగము ఖరీదుతోనే తీరదు. ఇందుకు 2014లో అమెరికాలో బయటపడిన ఒక దారుణోదంతము సాక్ష్యము. జనరల్ మోటార్స్ సంస్థ తయారించిన కొన్ని చిన్నకార్లలో తాళపుచెవి తిరుగు స్విచ్చి ఉండవలసినంత బిగువుగా లేదు. చెవుల గుత్తి బరువుకో, మోకాలు తగిలియో, గతుకులో కుదుపునకో అది నడుచు స్థానమునుండి వెనుకకు జారెడిది. జారగానే ఇంజను ఆగెడిది. స్టీరింగునకు, బ్రేకునకు ఉండు యంత్రసహాయము తగ్గెడిది. అన్నిటికన్న ఘోరముగ, ప్రమాదమున ప్రాణము కాపాడవలసిన గాలిసంచులు విచ్చుకొనెడివి కావు.

నడచుచున్న బండి ఆగిపోవుచున్నదను ఫిర్యాదులు తొలినాళ్లలోనే వచ్చినవి. 2005లో సంస్థ తన డీలర్లకు పంపిన సూచన ఏమన, చెవుల గుత్తినుండి అనవసరమైన బరువును తీసివేయుడని కొనుగోలుదార్లకు చెప్పవలెనని. దర్యాప్తు జరిపిన న్యాయవాది 2014 నివేదికలో తేలిన సంగతి యిది: ఇంజను ఆగుటను సంస్థవారు భద్రతకు సంబంధించిన లోపముగ గాక, కొనుగోలుదారుని సౌకర్యమునకు సంబంధించిన చిన్నలోపముగ లెక్కకట్టిరి. ఒక పద్దు తప్పుగా వ్రాయుటతో రోగనిర్ణయ మంతయు తప్పుదారి పట్టినది. ఇంజను ఆగినచో గాలిసంచి ఏమగునని ఏండ్ల తరబడి ఆ రెండు సంగతులను సంస్థవారు జతపరచి చూడలేదు. పైగా 2006లో స్విచ్చిని మెరుగుపరచి, దాని నంబరు మార్చకుండ వదలిరి. దానితో పాతదేదో క్రొత్తదేదో విచారించువారికిని తెలియకపోయెను.

జార్జియా రాష్ట్రమున ఒక యువతి 2010లో అట్టి కారులో ప్రమాదమున మరణించినది. అంతకు కొన్నిదినముల పూర్వమే బండి త్రోవలో ఆగిపోగా రిపేరుకు ఇచ్చి తెచ్చుకొన్నారు. ఆ కేసు విచారణలో ఒక ఇంజనీరు, ధ్వంసమైన కారులోని స్విచ్చిని, క్రొత్తగా కొనివచ్చిన అదే నంబరుగల స్విచ్చిని ప్రక్కప్రక్కన పెట్టి విప్పి చూచెను. లోపలి చిన్నమేకు క్రొత్తదానిలో పొడవుగా నున్నది. స్ప్రింగు గట్టిగా నున్నది. ఏండ్లపాటు మరుగుననున్న నిజము ఆ రెండు తునకల నడుమ బయటపడినది. సంస్థ దాదాపు 26 లక్షల కార్లను వెనుకకు పిలువవలసివచ్చెను. పరిహారనిధి ఆ స్విచ్చి కారణముగ 124 మరణములు సంభవించినట్లు అంగీకరించినది. 2015లో సంస్థ అమెరికా ప్రభుత్వమునకు 90 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒడంబడినది.

ఈ బండ్లలో చాలవరకు చెవి తిరిగి త్రిప్పగానే లేచెడివి. అదియే వాటి ముప్పు. లేచిన బండిని గురించి ఎవరు కలతచెందుదురు? వర్క్‌షాపులో నిలిపి చూచినచో లోపము కనబడదు. కనబడలేదు గాన లేదని వ్రాసి పంపివేయుదురు. మానిపోయిన జబ్బును నమ్మరాదని మా డ్రైవరు పంపుపై తడిబట్ట కప్పుచు తెలిసికొన్న పాఠము, అంత గొప్ప సంస్థకు అందుటకు ఇన్ని ప్రాణములు పట్టినవి.

కావున త్రోవలో బండి ఆగిన శ్రోతలకు నాదొక మనవి. మొదట బండిని రోడ్డు ప్రక్కకు దొరలనిచ్చి, హెచ్చరిక దీపములు వేయుడు; పిల్లలను, పెద్దలను రోడ్డునకు దూరముగ, బండికి ఎడముగ నిలబెట్టుడు. రోగమేదైనను ఈ చికిత్స ముందుగా జరుగవలెను. ఆ తరువాత సెల్ఫును ఎడతెగక కొట్టకుడు. బ్యాటరీ కూడ పోయినచో ఒక జబ్బు రెండగును. సెల్ఫే తిరుగనిచో బ్యాటరీని, దాని కొనలను చూడవలెను. సెల్ఫు తిరుగుచు ఇంజను అందుకొననిచో రవ్వ, పెట్రోలులలో ఒకటి, లేదా రెండింటిని నడపు సెన్సరు. లేచి రెండుక్షణములలో ఆగినచో, తాళపుచెవిని గుర్తించు దొంగనిరోధక సాధనమును అనుమానింపవచ్చును.

అన్నిటికన్న ముఖ్యము, మెకానిక్కు వచ్చులోపుగ నాలుగు మాటలు కాగితముపై వ్రాసికొనుడు: ఠక్కున ఆగినదా, దగ్గుచు ఆగినదా, ఎంతదూరము నడచిన పిదప, ఎండవేళనా, వానలోనా, ఎంతసేపు చల్లారినచో లేచినది. బండి లేచిన తరువాత ఆ కాగితమును పారవేయకుడు. లేచిన బండి ఆ సంగతులను ఇక చెప్పదు. మరల ఆగిననాడు అక్కరకు వచ్చునది ఆ కాగితమే.